మధుమేహ రోగులు ఆసుపత్రులలో ఏల మరణింతురు?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



ఉత్సవ సభలో మరణమును గూర్చిన ఉపన్యాసమేమని కొందరికి తోచవచ్చును. కాని ఉద్దానమున ఏ యింటి అరుగుమీద నలుగురు కూర్చున్నను, ఐదు నిమిషములు గడువకముందే సంభాషణ మూత్రపిండముల మీదికి పోవుచున్నది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస అను పేరులు వినగానే ఒకప్పుడు కొబ్బరితోటలును జీడితోటలును పనసచెట్లును జ్ఞప్తికి వచ్చెడివి. ఇప్పుడు వానితోపాటు కిడ్నీ వ్యాధియు జ్ఞప్తికి వచ్చుచున్నది. ఈ వ్యాధిని గూర్చి ఇంతగా మాటలాడుకొనువారు, దాని ప్రక్కనే అలికిడి లేక ఇండ్లలో ప్రవేశించుచున్న మరియొక వ్యాధిని గూర్చి అంతగా మాటలాడరు. అది మధుమేహము. వాడుకలో చక్కెర వ్యాధి, షుగరు. అది బస్తీవారి రోగమనియు, కూర్చుండి తినువారి రోగమనియు, ఎండలో కాయకష్టము చేయువానిని తాకదనియు పల్లెలలో ఒక నమ్మకము కలదు. భారతీయ వైద్య పరిశోధన మండలివారి సర్వే 2023లో ప్రకటింపబడినది; దాని ప్రకారము దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదు. ఇంతమంది బస్తీలలోనే ఉండిరనుకొనుట లెక్కకు నిలువని మాట.

ఈ రోగులలో కొందరు ఏదో యొక కారణముచే ఆసుపత్రిలో చేరి తిరిగి ఇంటికి రాకున్నారు. వారు ఏల రాలేదన్నది నేటి విషయము. చక్కెర పెరుగుటచే కలుగు చావు అందరెరిగినది. చక్కెర పడిపోవుటచే కలుగు చావును కొందరే ఎరుగుదురు. మూత్రపిండములు చెడిన ప్రాంతములో ఈ రెండవదానికి ప్రత్యేకమైన తావు కలదు. కావున ఉపన్యాసము ముఖ్యముగా దానికొరకే.

మన పూర్వులకు ఈ వ్యాధి క్రొత్త కాదు. చరక సంహితలో ప్రమేహములు ఇరువది విధములుగా చెప్పబడినవి. వానిలో అసాధ్యమైనది మధుమేహము. సుశ్రుతుడు పుట్టుకతో వచ్చునది యొకటి, అపథ్యముచే వచ్చునది యొకటి యని రెండుగా విభజించి, మొదటివాడు కృశించి యుండుననియు, రెండవవాడు స్థూలకాయుడనియు వ్రాసెను. నేటి వైద్యులు మొదటి రకము, రెండవ రకము అని చేయు విభాగము దీనికి చాల దగ్గరగా నున్నది. రోగి మూత్రమునకు చీమలు పట్టుట కూడ వారు గమనించిరి. ఔషధమే లేని ఆ కాలమున మొదటి రకము రోగి దశ దయనీయము. వృకోదరుని వలె తినును, కృష్ణపక్ష చంద్రుని వలె క్షీణించును. ఎంత నీరు త్రాగినను దప్పి తీరదు. తుదకు శ్వాస బరువెక్కి, నోట పండిన పండ్ల వాసన వంటిది వచ్చి, స్మృతి తప్పి మరణించును.

ఈ చావునకు అడ్డుకట్ట 1922లో పడినది. కెనడా దేశమున టొరంటో నగరపు ఆసుపత్రిలో లియోనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలుడు మరణశయ్యపై నుండెను. వాని బరువు 65 పౌనులు, అనగా ముప్పది కిలోలైనను లేదు. బాంటింగ్, బెస్ట్ అనువారు అంతకు ముందటి సంవత్సరము కనిపెట్టిన మందును జనవరి 11వ తేదీన వానికి సూదిద్వారా ఎక్కించిరి. అది శుద్ధముగా లేనందున ఫలింపలేదు. కాలిప్ అను రసాయన శాస్త్రజ్ఞుడు దానిని శుద్ధిచేసిన తరువాత జనవరి 23వ తేదీన మరల ఇచ్చిరి. బాలుడు లేచి కూర్చుండెను. ఆ మందే ఇన్సులిన్.

ఈ కథను ఇంతవరకు చాలమంది వినియుందురు. పిమ్మటి భాగమును చెప్పువారు తక్కువ. ఆ థాంప్సనే 1935లో, ముప్పది యేండ్లు నిండకయే, న్యుమోనియా జ్వరముతో మరణించెను. ఇన్సులిన్ వాని నోటినుండి పండ్ల వాసనను తీసివేసినది గాని, వ్యాధిని తీసివేయలేదు. ఆసుపత్రులలో మధుమేహ రోగుల మరణములు అధిక భాగము ఈ విధమైనవే. పడక ప్రక్కన వ్రాయబడిన పేరు న్యుమోనియా యగును, గుండెపోటు అగును, కాలిపుండు అగును, మూత్రములో చీము అగును. చక్కెర వెనుక నిలిచి యుండును.

అమెరికా దేశమున బోస్టన్ నగరములో జోస్లిన్ అను వైద్యుడుండెను. ఆయన 1869లో పుట్టి 1962లో మరణించెను. తన యొద్దకు వచ్చిన ప్రతి మధుమేహ రోగిని పెద్ద పద్దు పుస్తకములలో వ్రాసికొనుచు, ఎవరు ఎప్పుడు ఏ కారణముచే పోయిరో కూడ ఆ పేరుకు ఎదుటనే వ్రాసెడివాడు. లెక్కలు వ్రాయువారు ఆయనకు నమస్కరింపవలెను. ఆ పద్దులవలననే ఒక సంగతి బయటపడినది. ఇన్సులిన్ రాకముందు ఆయన రోగులలో సగమునకు మించి స్మృతి తప్పియే మరణించుచుండిరి. ఇన్సులిన్ వచ్చిన తరువాత అట్టివారు స్వల్పసంఖ్యాకులైరి. గుండె, మూత్రపిండములు, కాళ్ల రక్తనాళములు చెడి మరణించువారు హెచ్చిరి. మరణము ఒక పద్దునుండి మరియొక పద్దునకు మారినది.

ఆసుపత్రిలో ఈ రోగులను అపాయమునకు గురిచేయు సంగతులు కొన్ని క్లుప్తముగా చెప్పవలెను. మధుమేహము నరములను మొద్దుబార్చును. అందుచే గుండెపోటు వచ్చినను కొందరికి ఛాతీలో నొప్పి తెలియదు. ఆయాసము, చెమట, వాంతి మాత్రమే కలుగును. "అజీర్ణము చేసినది" అని సోడా త్రాగించి పడుకొనబెట్టుదురు. పాదము మొద్దుబారినవాడు జీడితోటలో ముల్లు గ్రుచ్చుకొన్నను ఎరుగడు; వారము తరువాత వాసన వచ్చి ఇంటివారు ఎరుగుదురు. చీము పట్టినప్పుడు చక్కెర పెరుగును, చక్కెర పెరిగినప్పుడు చీము పెరుగును. జ్వరముతో అన్నము మానినవాడు "తిండియే లేనప్పుడు ఇన్సులిన్ ఏల" అని సూది కూడ మానివేయును. మొదటి రకము రోగికి అది ప్రాణాపాయము. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఈ తీరమును తాకి తోటలను నేలమట్టము చేసినది. దినముల తరబడి కరెంటు లేక గ్రామములు చీకటిలో నుండినవి. అట్టి సమయములలో ఇన్సులిన్ సీసాను గట్టిగా మూసి, తడి యిసుకలో నుంచిన మట్టికుండలో పెట్టి కాపాడుకొనవచ్చునన్నది ఈ తీరమున ప్రతి యింట తెలియదగిన సంగతి.

2020, 2021 సంవత్సరములలో వచ్చిన కోవిడ్ ఈ లెక్కలను లోకమంతటికి తేటతెల్లము చేసినది. ఇంగ్లండులో మొదటి విజృంభణమున ఆసుపత్రులలో కోవిడ్‌చే మరణించినవారిలో సుమారు మూడింట ఒక వంతు మధుమేహ రోగులు. ఫ్రాన్సు దేశమున 53 ఆసుపత్రులలో చేరిన 1,317 మంది మధుమేహ రోగులను పరిశీలింపగా, ఏడవ దినము లోపల నూటికి పదిమందికి పైగా మరణించిరి. అక్కడ తేలిన మరియొక సంగతి ఆలోచింపదగినది. అంతకు ముందు కొన్ని నెలలుగా చక్కెర ఎంత అదుపులో నున్నదన్నదానికంటె, వయస్సును, కన్ను, మూత్రపిండము, గుండె, కాళ్ల నాళములు ఇదివరకే ఎంత చెడినవన్నదియు మరణమును నిర్ణయించుటలో ముఖ్యమైనవిగా కనబడినవి. అనగా ఆసుపత్రి గుమ్మము దాటునాటికే రోగి తన పాత బాకీలను వెంట తెచ్చుకొనుచున్నాడు. మన దేశమున 2021లో నల్ల ఫంగస్ అను పేరున వ్యాపించిన జబ్బును చూచినవారు మరవలేరు. కోవిడ్‌కై స్టెరాయిడ్ మందులు వాడినప్పుడు చక్కెర విపరీతముగా పెరిగిన మధుమేహ రోగులే దానికి ఎక్కువగా లోబడిరి.

ఇంతవరకు చెప్పినది హెచ్చుచక్కెర కథ. ఇది విన్నవాడెవడైనను "అట్లయిన చక్కెరను ఎంత తగ్గించిన అంత మేలు గదా" యనును. వైద్యులు కూడ కొంతకాలము అట్లే తలచిరి. బెల్జియము దేశమున లూవెన్ నగరపు ఆసుపత్రిలో శస్త్రచికిత్సానంతరము తీవ్రచికిత్సా విభాగమున చేరిన 1,548 మందిపై జరిగిన పరీక్ష 2001లో ప్రకటింపబడినది. వీరిలో మధుమేహులును కానివారును కలరు. ఇన్సులిన్‌తో చక్కెరను 80కిని 110కిని మధ్య గట్టిగా నిలిపిన వారిలో ఆ విభాగమున మరణములు నూటికి 4.6, సాధారణ పద్ధతిని చూచినవారిలో 8. ఈ వార్త ప్రపంచమంతట ప్రాకినది. ఎక్కడ చూచినను చక్కెరను క్రిందికి దించుటయే చికిత్స యైనది.

ఎనిమిదేండ్ల తరువాత, 2009లో, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా మొదలగు దేశముల ఆసుపత్రులు కలిసి 6,104 మందిపై చేసిన పరీక్షా ఫలితము వెలువడినది. చక్కెరను 81కిని 108కిని మధ్య గట్టిగా బిగించినవారిలో తొంబది దినములలోపల నూటికి 27.5 మంది మరణించిరి. 180 వరకు విడిచినవారిలో 24.9 మంది మరణించిరి. బిగించినవారే ఎక్కువగా పోయిరి! చక్కెర మిక్కిలిగా పడిపోవుట మొదటివారిలో నూటికి 6.8 మందికి కలుగగా, రెండవవారిలో 0.5 మందికి మాత్రమే కలిగినది. ఆనాటినుండి ఆసుపత్రి పడకపై నున్న రోగులలో అధికులకు 140కిని 180కిని మధ్య నుండుట చాలునని వైద్యశాస్త్రము స్థిరపరచుకొన్నది. "డాక్టరుగారు 170 ఉన్నను ఊరకున్నారు, పట్టించుకొనుట లేదు" అని రోగి బంధువులు వరండాలో కోపగించుకొనుట కలదు. ఆ ఊరకుండుట వెనుక ఆరువేల మంది లెక్క ఉన్నది.

ఇప్పుడు ఉద్దానమునకు వత్తము.

ప్రపంచమున చాల చోట్ల మూత్రపిండములు చెడుటకు మొదటి కారణము మధుమేహము. ఉద్దానమున అట్లు కాదు. ఇక్కడ జరిగిన పరిశీలనలలో పెద్దవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి మూత్రపిండ వ్యాధి కనబడినది. వారిలో అధికసంఖ్యాకులకు చక్కెర లేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతమునందును, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశముల చెరకు తోటలలోను ఇట్టి వ్యాధియే కలదు. నీరు, నేలలోని ఖనిజములు, పురుగుమందులు, ఎండదెబ్బ, వంశము అని పండితులు అనేక కారణములను శంకించిరి గాని, ఇదియే యని ఇంకను నిర్ణయము కాలేదు. ఈ వ్యాధి చప్పుడు చేయక వచ్చును. కాళ్లు ఉబ్బవు, రక్తపోటు చాలకాలము పెరుగదు, మధుమేహముచే మూత్రపిండములు చెడినప్పుడు సామాన్యముగా ముందుగా కనబడునట్లు మూత్రములో ఆల్బుమిన్ ఎక్కువగా పోదు. తెలియునప్పటికి సగమునకు మించి నష్టము జరిగియుండును. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు, హిరమండలము జలాశయమునుండి శుద్ధజలము తెచ్చు పథకమును ప్రారంభింపబడినవి. సోంపేట, టెక్కలి ప్రభుత్వాసుపత్రులలో అంతకు ముందే డయాలసిస్ మొదలైనది. ఇవి మేలైన పనులు.

ఇట్టి చోట చక్కెర వ్యాధి కూడ వచ్చినవాని గతి ఏమి? "కిడ్నీ జబ్బు ఊరి జబ్బు, షుగరు వేరే జబ్బు" అని ఇంటివారు రెంటిని రెండు సంచులలో పెట్టుదురు. ఒక సంచి ఒక డాక్టరునకు, రెండవ సంచి మరియొక డాక్టరునకు చూపుదురు. కాని రెండును ఒకే దేహములో నున్నవి.

దీనిని పద్దు భాషలో చెప్పిన సులభముగా తెలియును. ఇన్సులిన్ దేహమునకు జమ. దానిని వాడుకొన్న పిమ్మట విరిచి పారవేయుట ఖర్చు. సూదిద్వారా ఎక్కించిన ఇన్సులిన్‌ను విరుచుటలో మూత్రపిండములదే పెద్ద పాలు. మూత్రపిండములు చెడినప్పుడు ఖర్చు తగ్గును. జమ మాత్రము మునుపటివలెనే దినదినము పడుచుండును. నిలువ పెరిగిపోవును. గ్లిబెన్‌క్లమైడ్ వంటి చక్కెర మాత్రలును ఇంతే. అవియు వెడలు త్రోవ మూసుకొని దేహములో నిలిచిపోవును. దీనికి తోడు, ఉపవాస సమయమున మూత్రపిండములు తామే కొంత చక్కెరను తయారుచేసి రక్తమునకు ఇచ్చును. ఆ దానము కూడ ఆగిపోవును. కిడ్నీ రోగికి ఆకలి మందగించి తిండియు తగ్గును. నాలుగు వైపుల నుండియు చక్కెర క్రిందికే పోవును.

ఇక ఇంటిలో జరుగునది చూడుడు. పదేండ్లుగా 250, 300 ఉండిన పెద్దాయనకు ఒక వేసవిలో, మందు మార్చకుండగనే, 140 వచ్చినది. తరువాత 110 వచ్చినది. ఇల్లంతయు సంతోషము. "పసరు పనిచేసినది" అని నాటువైద్యునికి బట్టలు పెట్టుదురు. "అంబలి త్రాగినందున తగ్గినది" అని ఒకరు, మ్రొక్కు చెల్లినదని ఒకరు. ఆయనకు మరల ఒక లడ్డు కూడ ఇత్తురు. మూత్రపిండములు పడిపోవుచున్నందుననే చక్కెర తగ్గినదని ఎవరికిని తట్టదు. నెల తరువాత ఒక తెల్లవారుజామున ఆయన లేవడు. దుప్పటి చెమటతో తడిసియుండును. పిలిచిన పలుకడు. పక్షవాతమని కొందరు, గాలి సోకినదని కొందరు, రాత్రి త్రాగివచ్చెనని గిట్టనివారు. సగము ప్రొద్దు ఈ తర్కములోనే గడచును. తరువాత ఆటోలో పలాసకో టెక్కలికో, అక్కడనుండి శ్రీకాకుళమునకో బరంపురమునకో విశాఖపట్టణమునకో ప్రయాణము. మెదడునకు చక్కెరయే ఆహారము. గంటల తరబడి అది లేక పస్తున్న మెదడు, ఆసుపత్రిలో ఎంత గ్లూకోజు ఎక్కించినను ఒక్కొక్కసారి మేలుకొనదు. ఇది ఏ యొక్క యింటి కథయు కాదు. ఈ రెండు వ్యాధులు కలిసినచోట జరుగు క్రమము.

కావున మధుమేహ రోగికి కారణము లేకయే చక్కెర తగ్గినచో మిఠాయి పంచవద్దు. ఆ వారములోనే రక్తములో క్రియాటినిన్ ఎంత యున్నదో పరీక్ష చేయించి, మందుల మోతాదు తగ్గింపవలెనా యని వైద్యుని అడుగవలెను. తామే మందు మానివేయుటయు తగదు. మొదటి రకము రోగి ఇన్సులిన్ మానిన మరియొక చావు కాచుకొని యుండును. మెట్‌ఫార్మిన్ అను మాత్ర చాల మంచి మందు. కాని మూత్రపిండముల పని బాగుగా తగ్గినవారికి అది ఇవ్వరాదు. ఒళ్లునొప్పులకు సంతలో గాని కిల్లీకొట్టులో గాని కొని మ్రింగు డైక్లోఫినాక్ వంటి మాత్రలు చెడిన మూత్రపిండములను మరింత చెరచును. ఉద్దానమున కాయకష్టము చేయువారికి నొప్పిమాత్ర అన్నముతో సమానమైనది. ఈ విషయమున ఇంటి ఆడువారు కఠినముగా నుండుట మేలు.

చక్కెర పడిపోవునప్పటి గుర్తులు ఇవి: చేతులు వణకుట, చల్లని చెమట, అకస్మాత్తుగా ఆకలి, గుండెదడ, తరువాత మాట తడబడుట, అసందర్భముగా కోపగించుట, మగత, తుదకు ఫిట్సు, స్మృతి తప్పుట. పరీక్షలో 70కి తగ్గిన జాగ్రత్త పడవలెను. 54కు తగ్గిన అపాయము. మ్రింగగలిగిన స్థితిలో నుండిన మూడు చిన్న చెంచాల పంచదార కొంచెము నీటిలో కలిపి వెంటనే త్రాగింపవలెను. పావుగంట చూచి, కోలుకొననిచో మరల ఈయవలెను. స్మృతి లేనివాని నోట ఏమియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. పరీక్షయంత్రము లేకున్నను సందేహమున్నచో పంచదార ఇచ్చుటయే మేలు. చక్కెర నిజముగా హెచ్చుగా నున్నచో ఆ మూడు చెంచాలు చేయు కీడు స్వల్పము. తక్కువగా నున్నచో అవి ప్రాణము నిలుపును.

కొబ్బరి సీమలో ఒక హెచ్చరిక అవసరము. ఎవరు సొమ్మసిల్లినను బొండము కొట్టి నీరు పట్టుట ఇక్కడి ఆచారము. మంచి ఆచారమే. కాని మూత్రపిండములు చెడినవానికి, డయాలసిస్ చేయించుకొనువానికి అది విషముతో సమానము. కొబ్బరినీటిలో పొటాషియము అధికము. దానిని బయటికి పంపలేని దేహములో అది నిలిచి, గుండెను నిలిపివేయును. కన్నబిడ్డవలె పెంచిన చెట్టు కాయను కాదనుట ఉద్దానమువారికి కష్టమే. అయినను అట్టివానికి పంచదార నీరే ఈయవలెను.

మరియొక సంగతి. మాత్రలు వాడు కిడ్నీ రోగి పంచదార నీటితో కోలుకొని లేచి కూర్చున్నంత మాత్రమున ఆపద తీరినదనుకొనరాదు. నిలువయున్న మాత్ర పనిచేయుచునే యుండును. చక్కెర మరల పడును; ఒకదినము, ఒక్కొక్కసారి రెండు దినములు ఇట్లు జరుగును. ఆసుపత్రిలో ఉంచుకొందుమని వైద్యులు చెప్పినప్పుడు, "బాగుగానే యున్నాడు గదా, పడక ఖర్చేల" అని సాయంకాలమునకే తీసికొనివచ్చి, రాత్రి పోగొట్టుకొనుట కలదు.

మూడు నెలల చక్కెర సగటు తెలుపు పరీక్ష యొకటి కలదు. అది ఎర్ర రక్తకణములకు పట్టిన చక్కెరను కొలుచును. డయాలసిస్ రోగులకు రక్తము తక్కువ. కణములు ముందుగానే నశించును. క్రొత్త కణములు పుట్టుటకై సూదులు కూడ ఈయబడును. అందుచే వారికి ఆ పరీక్ష నిజముకంటె తక్కువ సంఖ్యను చూపవచ్చును. ఆ కాగితమును మాత్రమే నమ్మరాదు. వ్రేలిచుక్కతో పలుమార్లు చూచుకొనవలెను. డయాలసిస్ రోగులకు ఎప్పటికప్పుడు రక్తములో భాస్వరము కూడ కొలుతురు. దేహములోని భాస్వరమును కొలుచుటకు ప్రపంచమంతట చిరకాలము వాడబడిన పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించినవాడు భీమవరమున పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు. సందర్భము వచ్చినది గనుక చెప్పుట.

ఆసుపత్రికి పోవునప్పుడు చక్కెర చీటీలును కిడ్నీ చీటీలును ఒకే సంచిలో నుండవలెను. వాడుచున్న మందుల అట్టలు, ఇన్సులిన్ సీసా, కడపటి క్రియాటినిన్ కాగితము, కడపటి సూది ఎప్పుడు ఎంత తీసికొనెనో, కడపటి అన్నము ఎప్పుడు తినెనో వ్రాసిన చీటీ, ఈ అయిదును వెంట నుండవలెను. పసరు మందు వాడినచో దాచక చెప్పవలెను. టెక్కలినుండి శ్రీకాకుళమునకు, శ్రీకాకుళమునుండి విశాఖపట్టణమునకు పంపునప్పుడు రోగి మారడు గాని చూచు వైద్యుడు మారును. క్రొత్త వైద్యుడు పాత లెక్క లేనిదే ఎంత ఇన్సులిన్ ఈయవలెనో ఊహింపవలసి వచ్చును. ఆసుపత్రిలో రోగికి పరీక్షలకై భోజనము ఆపినప్పుడు సూదియో మాత్రయో మునుపటివలె ఇచ్చుచున్నారా యని ప్రక్కనున్న బంధువు మర్యాదగా అడుగవచ్చును. అడిగినందున ఏ మంచి వైద్యుడును కోపింపడు.

కడపట, పోయినవారి సంగతి. మరణ నమోదు చట్టము 1969 నుండి కలదు. ఆసుపత్రిలో మరణించినప్పుడు వైద్యుడు వ్రాయు ధ్రువపత్రమున కారణములకు మెట్లు ఉండును. మొదటి వరుసలో తక్షణ కారణము, దాని క్రింద దానికి దారితీసిన కారణము, దాని క్రింద మూలము. తరువాత ప్రత్యేకముగా, మరణమునకు తోడ్పడిన ఇతర వ్యాధులు. "గుండె ఆగినది" అని ఒక్క వరుస వ్రాసి ముగించిన పత్రము ఏమియు చెప్పనట్లే. మరణించిన ప్రతివాని గుండెయు ఆగును. మూలపు వరుసలోనో తోడ్పడిన వ్యాధుల చోటనో మధుమేహమును మూత్రపిండ వ్యాధియు ఎక్కకున్నచో, ఈ తీరమున చక్కెర వలన ఎందరు పోయిరో, చక్కెర పడిపోవుటచే ఎందరు పోయిరో ఎన్నటికిని తెలియదు. దేశము మొత్తముపై 2020లో నమోదైన మరణములలో వైద్యులు కారణమును ధ్రువపరచినవి నూటికి 22.5 మాత్రమే. మిగిలినవారిలో చాలమంది ఇండ్లలో పోయిరి; "జ్వరము", "వార్ధక్యము", "ఆయాసము" అని ఒక్క మాటతో లెక్క ముగిసినది. ఆ చట్టము 2023లో సవరింపబడినది. ఆసుపత్రివారు మరణ కారణ పత్రమును నమోదు అధికారికి పంపుటయే గాక, ఒక ప్రతిని దగ్గరి బంధువునకు కూడ ఈయవలెనని దానిలో కలదు. దుఃఖ సమయమున ఆ కాగితమును మడచి జేబులో పెట్టుకొనువారే గాని చదువువారు తక్కువ. చదివి, చక్కెర సంగతి వ్రాయబడకున్నచో, పత్రమిచ్చిన వైద్యునికి పాత చీటీలు చూపి అడుగవచ్చును.